అతుకు

మన భాషలో ‘అతుకు’ అను మాటకు గౌరవము తక్కువ. పొందిక లేని గ్రంథమును అతుకుల బొంత యందుము. కలతలతో ఈడ్చుకొని వచ్చు సంసారమును అతుకుల కాపురమందుము. విరిగినదానిని పారవేసి క్రొత్తది తెచ్చుకొనుట కలిమికి గురుతనియు, బాగుచేసికొని వాడుకొనుట లేమికి గురుతనియు మన చదువుకొన్న ఇండ్లలో ఎవ్వరును నోట అనకయే అందరును పాటించు ధర్మమొకటి కలదు. ఇంటికి నాలుగు కాసులు రాగానే మొదట ఇల్లు విడిచి పోవునవి సుత్తియు, ఉలియు, రంపమును. విరిగిన వస్తువు ఇంట నుండుట అరిష్టమను నమ్మకము దీనికి తోడు. పగిలిన అద్దమును, కాలు విరిగిన పీటను దొడ్డిదారిని బయట వేయునప్పుడు మనము శాస్త్రమును పాటించుచున్నామో, సోమరితనమును పాటించుచున్నామో ఒక్కసారి యోచింపవలసియున్నది.

ఈ యోచన నాకు కలిగించినది మా పడమటి నెల్లూరు సీమలో అరుదుగా కూడ కానరాని ఒక వస్తువు. దానిని ఆంగ్లమున సర్ఫుబోర్డు అందురు. మేము ఇంటిలో అలపలక యని పిలుచుకొంటిమి. సముద్రపు అలలు ఒడ్డున విరిగిపడు చోట, ఆరడుగుల పలకపై బోరగిల పండుకొని, చేతులతో నీటిని త్రోయుచు ముందుకు పోయి, అల లేచు క్షణమున పలకపై నిలిచి, ఆ అలతోడనే ఒడ్డునకు జారివచ్చుట దాని ప్రయోజనము. ఇది పసిఫికు మహాసముద్రములోని హవాయి దీవులవారి ప్రాచీన విద్య. 1779లో కుక్కు కప్తాను నౌకలతో వచ్చిన జేమ్సు కింగు అను అధికారి దీనిని చూచి ఆశ్చర్యపడి వ్రాసియుంచెను. ఆ దీవులలో రాణులును, సామాన్య స్త్రీలును పురుషులతోపాటు అలలపై నిలిచినవారే. 1820లో అచ్చటికి వచ్చిన మతబోధకులకు ఈ ఆట రుచింపలేదు. ఆ శతాబ్దమున అది చాలవరకు క్షీణించి, ఇరువదవ శతాబ్ది ఆరంభమున మరల తలయెత్తినది. ఈతలో 1912 ఒలింపికు స్వర్ణపతకము పొందిన డ్యూకు కహనమోకు 1914–15లో ఆస్ట్రేలియాకు పోయినప్పుడు, అక్కడి పైను కలపను తెప్పించి, తన చేతులతోనే పలకను చెక్కుకొని సిడ్నీ తీరమున ఆడి చూపెను. ఆట ఆడువాడే పలకను చెక్కుకొనుట ఆ విద్యలో ఒక భాగము. 2021లో జరిగిన టోక్యో ఒలింపికు క్రీడలలో ఈ ఆటకు మొదటిసారి స్థానము లభించినది.

మన తీరమున కూడ చెన్నపట్టణము చెంతనున్న కోవళమునందును, విశాఖపట్టణపు ఋషికొండ వద్దను యువతీయువకులు దీనిని నేర్చుకొనుచున్నారు. చెన్నపట్టణమున ఉద్యోగము చేయు నా మేనకోడలు కోవళమున నేర్చినది. ఒకరు వాడిన పలకను తన జీతములో మిగిల్చిన సొమ్ముతో కొన్నది. ఒక మార్గశిరమున పెద్ద అల ఆ పలక నడిమి భాగముపై విరిగిపడి దానిని రెండు తునకలు గావించెను. ఆమె ఆ తునకలను పాతదుప్పటిలో చుట్టి, బస్సులో ఆత్మకూరునకు తెచ్చి, మా ఇంటి పంచలో దింపినది.

ఆమె తల్లి, అనగా నా చెల్లెలు, మా వీధిలోనే యున్నది. వార్త తెలిసి వచ్చి ఆ తునకలను చూచి, “సముద్రుడే వద్దని విరిచేశాడు అన్నయ్యా! విరిగినదాన్ని ఇంట్లో పెట్టుకోవడమే అరిష్టం. దాన్ని మళ్లీ అతికించి ఆడపిల్లను దానిమీద ఎక్కిస్తారా?” అన్నది. పిల్ల ఎండకు నల్లబడినదనియు, పెండ్లిచూపులకు వచ్చువారు కారణమడిగిన ఏమి చెప్పవలెననియు ఆమె చింత. అయినను ఆమె మాటలలో భయమును మాత్రము నేను తేలికగా త్రోసివేయలేదు. సముద్రము ప్రాణములు తీయగలది; తల్లికి అది తెలియును.

“అతికితే?” అని పిల్ల అడిగినది.

“అతికితే పో. అతక్కపోతే ఇంకోటి కొననని నా ముందర మాటియ్యి.”

పిల్ల మాట ఇచ్చినది. ఆ క్షణమునుండి ఆ తునకలు వట్టి తునకలు గాక ఒక వివాదమునకు తీర్పు చెప్పవలసిన సాక్షులైనవి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి: అతుకు అబద్ధమైనచో అది బయటపడునది ఇంటిలో కాదు, ఒడ్డుకు దూరమున, నీటి నడుమ. కావున చూపునకు మాత్రము చక్కగా నుండు అతుకు ఇక్కడ పనికిరాదు.

ఈ పలక పైకి ఒకే వస్తువువలె కానవచ్చును గాని నాలుగు పదార్థముల కూటమి. లోపల గట్టిపడిన నురుగు. దాని నడుమ నిలువునా సన్నని కొయ్యబద్ద. పైని గాజునూలు గుడ్డ. ఆ గుడ్డను కరడుగట్టించిన రెసిను అను బంక. పూర్వము పలకలన్నియు కొయ్యతోనే చేసెడివారు. కాలిఫోర్నియాలో 1950ల చివర హోబీ ఆల్టరు, గార్డను క్లార్కు అనువారు నురుగుపలకను విరివిగా వాడుకలోనికి తెచ్చిరి. మనిషి బరువునకు పలక వంగినప్పుడు ఒకవైపు గుడ్డ సాగుటకు ఓర్చుకొనును, మరియొకవైపు గుడ్డ నొక్కుడుకు ఓర్చుకొనును. ఆ రెండు గుడ్డలను ఎడముగా నిలుపుట నురుగు పని. వంపును అడ్డుట బద్ద పని. ఏ ఒక్కటియు ఒంటరిగా అలను తట్టుకొనలేదు. నురుగు గోటితో గీరిన రాలును. గాజుగుడ్డ విడిగా నున్నచో మడతపెట్టవచ్చును.

నురుగులో రెండు జాతులున్నవి. విరిగినచోట బొరుగుల ఉండవలె గుండ్రని గింజలు కానవచ్చినచో అది ఒక జాతి. రొట్టెపొడివలె సన్నగా నున్నచో మరియొక జాతి. పడవలకు సాధారణముగా వాడు పాలియెస్టరు బంక మొదటిజాతిపై పడినచో దానిని కరిగించి గుంటలు చేయును. ఎపాక్సీ యను బంక రెంటికిని సరిపడును. మా పలక రెండవజాతిదే యైనను, కొయ్యను గట్టిగా పట్టుననియు, వాసన తక్కువనియు పిల్ల ఎపాక్సీనే ఎన్నుకొన్నది.

బంకయు, గాజుగుడ్డయు తెచ్చుటకు నెల్లూరు పోయి, అక్కడినుండి మైపాడు తీరమునకు పోతిమి. ఆ తీరమున పూర్వము తెప్పలపై వేటకు పోయెడివారు. 2004 డిసెంబరు 26 నాటి సునామి తరువాత తెప్పలు తగ్గి ఫైబరు పడవలు హెచ్చినవి. వానిని బాగుచేయు ఒక పెద్దాయన మా మాట విని నవ్వక, “తడి లోపల పెట్టి మూస్తే, అయ్యా, ఎండకు అది ఉబ్బుతాది. పైపొర లేచిపోతాది. ముందు ఆరనియ్యండి” అని చెప్పెను. తెప్పదూలములను వేటనుండి రాగానే త్రాళ్లు విప్పి, వేరువేరుగా ఇసుకపై ఆరవేయుట నేను చిన్ననాట చూచినదే. నీరు త్రాగిన కొయ్య తేలుటలో బద్ధకించును. ఆ పాతబుద్ధియే ఈ క్రొత్త నురుగునకును వర్తించినది.

పిల్ల సెలవు ముగిసి చెన్నపట్టణము పోగా, ఆర్పుట నా వంతైనది. ఉప్పుపోవునట్లు మంచినీటితో కడిగి, విరిగిన మొనలు క్రిందికుండునట్లు తునకలను పంచలో నీడపట్టున నిలిపితిని. ఎండలో ఉంచినచో లోపలి గాలి వ్యాకోచించి పొర లేచును. ప్రతి సాయంకాలము ఎదురింటి కిరాణా కాటాపై వానిని తూచి బరువు వ్రాసికొంటిని. వీధివారు దీనిని వేడుకగా చూచిరి. రెండు వారములు గడచిన పిమ్మట మూడు దినములు వరుసగా బరువు మారలేదు. తడి ఆరినదనుటకు అంతకంటె ప్రమాణము అక్కరలేదు. మా బడిపిల్లలకు బాష్పీభవనమును గూర్చి నల్లబల్లపై చెప్పిన పాఠమంతయు ఆ కాటా ముల్లు ఒక్కటియే చెప్పినది.

సంక్రాంతికి పిల్ల వచ్చినది. ఇక నడిమి బద్ద సంగతి. విరిగినచోట అటు ఒక జేన, ఇటు ఒక జేన మేర పాతబద్ద ప్రక్కను గాడి తీసి, క్రొత్తబద్దను దించవలెను. దానికి కొయ్యనెరిగినవారు కావలెను. నేను కొన్ని ఏండ్లు ఉదయగిరిలో ఉద్యోగము చేసినవాడను. ఉదయగిరి యనగానే చరిత్ర చదివినవారికి 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచిన దుర్గము జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము ఆ ఊరి వీధులలో ఆకురాతి చప్పుడు జ్ఞప్తికి వచ్చును. నర్ది, కల్ది, బిక్కి మొదలగు కొయ్యలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కు కుటుంబములు అక్కడ గలవు. స్త్రీలును ఆ పనిలో నిపుణులు. ఉదయగిరి కొయ్యచెంచాలకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది.

మేమెరిగిన సాయిబుగారి ఇంటికి తునకలతో పోతిమి. ఆయన వానిని ఇటునటు త్రిప్పి, చెంచా కొయ్యను తీయక, మలబారు వేప బద్దను తీసెను. గట్టికొయ్య యేల వలదని పిల్ల అడుగగా, “చెంచా ఎప్పుడూ మెడకాడ ఇరుగుతాదమ్మా. బొద్దుగా ఉన్నది ఒక్కసారిగా సన్నబడితే బరువంతా ఆడనే పడతాది. మెత్తదాంట్లో గట్టిది పెడితే దాని కొసకాడ మళ్లా ఇరుగుతాది” అనెను. ఆయన ఈనె నిలువుగా పోవు బద్దను ఏరి, రెండు కొనలను ఒకేసారి తెగగొట్టక, చెంచా కాడవలె క్రమక్రమముగా సన్నగిల్లునట్లు చిత్రికపట్టి ఇచ్చెను. బలము హఠాత్తుగా మారినచోటనే ఒత్తిడి పోగుపడునని ఇంజనీరింగు గ్రంథములు చెప్పునది ఇదియే. ఆయనకు అది చెంచా మెడ నేర్పిన పాఠము.

అప్పుడు నాకు భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువు స్మరణకు వచ్చినది. నౌకానిర్మాణమును గూర్చి చెప్పిన సంస్కృతగ్రంథములలో అది ప్రసిద్ధము. అందు కొయ్యలకు నాలుగు వర్ణములు చెప్పబడినవి. తేలికయై మెత్తనైనది బ్రాహ్మణజాతి. తేలికయై గట్టిది క్షత్రియజాతి. మెత్తనై బరువైనది వైశ్యజాతి. గట్టిదై బరువైనది శూద్రజాతి. రెండు జాతులు కలిసిన కొయ్యతో చేసిన నౌక మేలుకాదని నిషేధము. సముద్రనౌక పలకలను ఇనుముతో బంధింపరాదనియు, సముద్రములోని అయస్కాంతశిలలు లాగివేయుననియు మరియొక మాట. ఈ రెంటిని వేరుచేసి చూడవలెను. మన తూర్పుతీరమున పలకలను నారత్రాటితో కుట్టిన పడవలు ఉండెడివి. అలలు విరిగిపడుచోట మేకుల పడవ బిగిసి పగులును, కుట్టిన పడవ కొంత వంగి ఓర్చుకొనును. కావున కుట్టుమనుట మంచి పద్ధతియే. అయస్కాంతశిల మాత్రము కల్ల. పద్ధతిని నిలుపుకొని కారణమును దిద్దుకొనుట వివేకము. కొయ్యయొక్క బరువును, గట్టిదనమును గమనించి విభజించుటయు మంచి పరిశీలనయే; దానికి వర్ణమును తగిలించి సాంకర్యమును నిషేధించుట మాత్రము మనుష్యుల దురభిమానమును మ్రానులకు పులుముట. మా చేతిలోని పలక ఆ నిషేధమునకు ప్రత్యక్ష ఖండనము. మెత్తనిది, గట్టిది, తేలికది, బరువైనది తమతమ గుణములను విడువకయే కలిసినందుననే అది అలను మోయగలుగుచున్నది.

సాయిబుగారు కొయ్యకును అర్ధదినపు కూలికిని వెల చెప్పెను. పిల్ల బేరమాడక, ఆయన చెప్పిన సలహాకును కలిపి పూర్తిదినపు సొమ్ము ఇచ్చినది. ఆయన దానిని తీసికొని, ఎపాక్సీ డబ్బాను చూపి, “ఈ బంక ఎట్ల కలపాలో మా పిల్లోడికి రాసిస్తావా అమ్మా?” అని అడిగెను. ఆమె పాళ్లు వ్రాసియిచ్చి, తలుపులకు, కుర్చీలకు వాడవచ్చుననియు, తిండికి వాడు చెంచాలకు వాడవలదనియు చెప్పినది. ఆ పంచలో ఆనాడు గురువెవరో, శిష్యులెవరో చెప్పుట కష్టము.

అతుకు పని మా దొడ్డిలో నాలుగు దినములు జరిగినది. విరిగిన ముఖములను రంపముతో సమముగా కోయరాదు. విరుపునకు సహజమైన పండ్లుండును. అవి ఒకదానిలో ఒకటి సరిగా కూర్చొనినప్పుడే పలకకు పుట్టుకతో వచ్చిన వంపు మరల వచ్చును. వదులుగా నున్న పొడిని మాత్రము దులిపి, మొననుండి తోకవరకు నూలుదారమును బిగించి నడిమిగీతను సరిచూచితిమి. సుశ్రుతుడు ఎముకలు విరిగినప్పుడు చేయవలసిన నాలుగు క్రియలు చెప్పెను: ఆంఛనము, పీడనము, సంక్షేపము, బంధనము. అనగా లాగుట, నొక్కుట, కూర్చుట, కట్టుట. మా సీమలో చేయి విరిగినవారు నేటికిని పుత్తూరు కట్టుకు పోవుదురు. మేము చేసినదియు అదే క్రమము. బంకలో సన్నని రంపపుపొట్టును కలిపి చిక్కజేసి, గాడులలో నింపి, బద్దను దించి, రెండు తునకలను కూర్చి, పాత సైకిలు ట్యూబులతో బిగించి కట్టి, ఒక దినము కదలనీయలేదు. ఎపాక్సీని ఒకేసారి హెచ్చుగా కలిపినచో గిన్నెలోనే వేడెక్కి గట్టిపడును గనుక కొంచెము కొంచెముగా కలుపవలెను.

పిమ్మట గాజుగుడ్డ. విరుపునకు ఇరువైపుల జానెడు మేర పాతపొరను గరుకుచేసి, మొదట ఇరుకు గుడ్డను, దానిపై వెడల్పు గుడ్డను, దానిపై మరింత వెడల్పు గుడ్డను పరచితిమి. అన్ని అంచులును ఒకేచోట ముగిసినచో ఆ గీతవెంబడి మరల విరుగును. సాయిబుగారి చెంచా మెడ ఇక్కడను పనికివచ్చినది. గుడ్డ తడియు మేరకు మాత్రమే బంక ఉండవలెను. మిగిలినదానిని రేకుబద్దతో గీచి తీసివేయవలెను. బలము గుడ్డది, బంక దానిని పట్టియుంచునది మాత్రమే. బంక హెచ్చినకొలది బరువు హెచ్చును, పెళుసుదనము హెచ్చును. ఈ పని చేయువారు చేతులకు తొడుగులు, ముక్కునకు మంచి మాస్కు ధరింపవలెను. ఆరుబయటనే చేయవలెను. గాజునూలు పొడి ఒంటిపై పడిన దురద, ఊపిరిలో పోయిన కీడు.

తుదకు నునుపుచేయుట. పిల్ల ఉప్పుకాగితముతో రుద్దుచుండగా నా చెల్లెలు రెండు దినములు దూరమునుండి చూచినది. మూడవనాడు దగ్గరకు వచ్చి, కన్నులు మూసికొని అతుకుపై అరచేతిని పోనిచ్చి, “ఇక్కడ గట్టు తగులుతోంది. చూస్తే తెలీదు, చేత్తో చూడాలి” అన్నది. ముప్పది ఏండ్లు పిండి జల్లించి, మెత్తదనమును వ్రేళ్లమధ్య పరీక్షించిన చేయి అది. ఆమెకును ఒక మాస్కు ఇచ్చితిమి. కొంగు బిగించి, అంచులు రెండును తానే రుద్దినది. పందెములో ఓడవలసిన పక్షము గెలువవలసిన పక్షమునకు సాయపడుట వింతగా తోచవచ్చును. మంచిపని యెదుట నిలిచిన చేయి ఊరకుండలేదు. అంతకంటె కారణము నేను వెదకలేదు. బిడ్డ ఎక్కవలసిన వస్తువులో లోపముండరాదని ఆమె తలచియుండవచ్చును గూడ.

పలక అర్ధకిలోకు కొంచెము పైగా బరువెక్కినది. అతుకుచోట ఛాయ మారి పట్టీవలె కానవచ్చుచున్నది. మాఘమాసమున కోవళములో పిల్ల దానిని మొదట నడుములోతు నీటిలో నొక్కిచూచి, పిదప చిన్న అలలపై, పిదప మధ్యరకపు అలలపై నడిపినది. అతుకు కదలలేదు. మలుపులో మునుపటి చురుకుదనము కొంత తగ్గినదనియు, తుపానుకాలపు పెద్ద అలలకు దీనిని తీసికొనిపోననియు ఆమె తల్లికి స్పష్టముగా చెప్పినది. చెల్లెలు తన మాటకు కట్టుబడినది. పెండ్లిచూపులకు వచ్చినవారెవరైన అడిగినచో పిల్ల అలలపై నిలుచుననియే చెప్పవలెనని తల్లీబిడ్డలు నిశ్చయించుకొన్నారు. ఆ మాట విని వెనుదిరుగువారు ముందే వెనుదిరుగుట ఇరుపక్షములకును మేలు.

1937లో వార్ధాలో గాంధీమహాత్ముని పూనికపై సమావేశమైన విద్యావేత్తలు చేతిపనిని విద్యకు కేంద్రము చేయవలెనని నిర్ణయించిరి. ఆ ఆశయము మన బడులలో వారమునకొక గంటగా కుంచించుకొనిపోయి, ఆ గంటయు చాలచోట్ల లెక్కలకో, ఆంగ్లమునకో అప్పు పోవుచున్నది. చేతిపనిని దేశభక్తిచేతనో, కళాభిమానముచేతనో పొగడుటకు మనము వెనుదీయము. చెంచాను కొని అద్దాల బీరువాలో పెట్టుదుము. చెక్కినవానిని బేరముతో పిండుదుము. మన బిడ్డ ఉలి పట్టినచో చదువు చెడునని భయపడుదుము. నా అనుభవము దీనికి విరుద్ధము. ఆ నాలుగు దినములలో మా ఇంటిలో వంపు, ఒత్తిడి, తేమ, వేడి అను మాటలు పుస్తకమునుండి దిగి చేతికి తగిలినవి. ముప్పదియేండ్ల వంటింటి స్పర్శజ్ఞానమునకు మొదటిసారి విద్యయను పేరు దక్కినది.

కావున చదువరులకు నా మనవి చిన్నది. ప్రతి ఇంట ఒక పెట్టెలో సుత్తి, రంపము, ఉలి, ఆకురాయి, ఉప్పుకాగితము, కొంత మంచి బంక ఉంచుడు. ఒక వస్తువు విరిగినప్పుడు, పారవేయుటకు ముందు, అది ఎట్లు విరిగినదో, ఎందుకచ్చటనే విరిగినదో ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడుడు. తెలియనిచో తెలిసిన పనివాని ఇంటికి పోయి, సలహాకు కూడ సొమ్మిచ్చి, అడిగి తెలిసికొనుడు. ఆ పెట్టెను మాత్రము ఆడపిల్లల చేతికి అందునంత ఎత్తుననే పెట్టుడు.